ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీటీఈ, డుయోలింగో: రీడింగ్ అంటే భయపడేవాళ్లు ఏది ఎంచుకోవాలి?

విదేశాల్లో చదువుకు ఇంగ్లిష్ పరీక్ష రాయబోయే పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: “సార్, వీటిలో ఏది ఈజీ?” వాళ్ల టెన్షనంతా స్పీకింగ్ గురించి ఉంటుంది. రీడింగ్‌ని మాత్రం పెద్దగా పట్టించుకోరు. చదవడమే కదా, చిన్నప్పటి నుంచీ చేస్తున్నదే కదా అనుకుంటారు. తీరా రిజల్ట్ వచ్చాక, నేను చూసినవాళ్లలో చాలామందికి అర బ్యాండు (ఐఈఎల్‌టీఎస్‌లో స్కోరును బ్యాండు అంటారు) తగ్గింది అక్కడే.

ఏది ఈజీ అన్నదానికి నేను వెంటనే జవాబు చెప్పను. ముందు ఇంట్లో ఒక పని చేసి రమ్మంటాను. మీరూ ఫీజు కట్టకముందే అది చేయండి.

ఐఈఎల్‌టీఎస్ అధికారిక సైట్లో ఉచితంగా దొరికే అకడమిక్ రీడింగ్ నమూనా పేపరు ఒకటి తీసుకోండి. మూడు పాఠాలు, 40 ప్రశ్నలు ఉంటాయి. ఫోన్ పక్క గదిలో పెట్టి, సరిగ్గా 60 నిమిషాలు నీలం పెన్నుతో రాయండి. గంట అయిపోయాక ఆపకండి. ఎర్ర పెన్ను తీసుకుని మిగిలిన ప్రశ్నలు పూర్తి చేయండి. అనుమానం ఉన్నవి మళ్లీ చదివి మార్చుకోండి. ఎంతసేపు పట్టినా ఫర్వాలేదు. అంతా అయ్యాకే కీ, అంటే సరైన జవాబుల పట్టిక, చూడండి. నీలం మార్కులు ఎన్ని వచ్చాయో, ఎర్ర పెన్ను కూడా కలిపితే ఎన్ని వచ్చాయో వేరువేరుగా రాసుకోండి.

నీలంతో 22 వచ్చి, ఎర్ర పెన్నుతో కలిపితే 33 అయిందనుకోండి. మీకు ఇంగ్లిష్ అర్థమవుతోంది, సమయమే చాలడం లేదు. నీలంతో 22, ఎర్రతో 24 అయితే ఎన్ని గంటలు ఇచ్చినా వాక్యమే అర్థం కావడం లేదన్నమాట. అలాంటప్పుడు పరీక్ష మారిస్తే ఒరిగేదేమీ ఉండదు. ముందు కొన్ని నెలలు చదవాలి. ఇక మూడో రకం: గంటలోపే పూర్తి చేస్తారు, అంతా అర్థమైందనే అనుకుంటారు, కీ చూస్తే తప్పులు. వీళ్లు పాఠంలో లేనిదాన్ని తమకు తెలిసినదాంతో నింపేస్తున్నారు. ఈ మూడింట్లో మీది ఏదో తేలాక పరీక్షల మధ్య పోలికకు అర్థం ఉంటుంది.

మన తెలుగువాళ్లకు సమయం ఎక్కడ పోతుంది

తెలుగులో “నిన్న మన ఇంటికి వచ్చిన అబ్బాయి” అంటాం. వివరమంతా ముందు వస్తుంది, మనిషి చివర వస్తాడు. ఇంగ్లిష్‌లో అబ్బాయి ముందు వస్తాడు, “హూ” అంటూ వివరం వెనక వస్తుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. ఇంగ్లిష్‌లో కర్త దగ్గరే ఉండాల్సిన క్రియ, మధ్యలో దూరిన “విచ్” వల్ల రెండు లైన్ల అవతలికి జరిగిపోతుంది. మనసులో తెలుగు చేసుకుంటూ చదివేవాళ్లు వాక్యం చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, ముక్కలు సర్దుకోవాలి. అంటే ప్రతి పొడుగు వాక్యాన్నీ రెండుసార్లు చదువుతున్నట్టు లెక్క.

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పాఠాలు మూడూ కలిపితే సుమారు 2,150 నుంచి 2,750 పదాలు. నిమిషానికి 150 పదాలు చదివేవాళ్లకు ఒక్కసారి చదవడానికే 14 నుంచి 18 నిమిషాలు పడుతుంది. అదే రెండుసార్లయితే సుమారు అరగంట పోతుంది. మిగిలిన సగంలో 40 ప్రశ్నలు. ఇక్కడే చేయి జారుతుంది.

దీనికి మందు స్పీడ్ రీడింగ్ కోర్సులు కావు. రోజుకు ఒక్క పేరా తీసుకుని, ప్రతి వాక్యంలో ముందు ప్రధాన క్రియ కింద గీత గీయండి. తర్వాత దాని కర్త ఎవరో చూడండి. మిగిలిన ముక్కలకు మధ్యలో నిలువు గీతలు పెట్టండి. మొదటి వారం విసుగ్గా ఉంటుంది. మూడో వారానికి కన్ను తనంతట తానే క్రియను వెతుక్కుంటుంది. నా దగ్గర చదివినవాళ్లలో దీనివల్ల వచ్చిన మార్పు ఏ పదాల పట్టిక బట్టీ పట్టినా రాలేదు.

చిన్న పదాలు కూడా జాగ్రత్త. “ఫ్యూ స్టూడెంట్స్” పాసయ్యారంటే దాదాపు ఎవరూ పాసవలేదని. “ఎ ఫ్యూ స్టూడెంట్స్” అంటే కొందరు పాసయ్యారని. “హార్డ్‌లీ”లో “హార్డ్” కనిపిస్తుంది కాబట్టి కష్టపడి అని అర్థం చెప్పేవాళ్లను ఎంతమందిని చూశానో. అది దాదాపు లేదు అని చెప్పే మాట. “అన్‌లెస్”, “నాట్ అంటిల్” కూడా అలాంటివే. పెద్ద పదం తెలియకపోతే ఒక ప్రశ్న పోతుంది. చిన్న పదం పొరబడితే పేరా మొత్తం తలకిందులవుతుంది.

ఐఈఎల్‌టీఎస్ ఎవరికి నప్పుతుంది

వెనక్కీ ముందుకీ వెళ్తూ రాసే అలవాటున్నవాళ్లకు ఇది మంచిది. గంటలో మూడు పాఠాల మధ్య మీ ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చు. కష్టమైనది వదిలి తర్వాత చూసుకోవచ్చు. తప్పుకు మార్కు కోత లేదు కాబట్టి ఒక్క ఖాళీ కూడా వదలకూడదు. అయితే లిజనింగ్‌లో కాగితం మీద రాసేవాళ్లకు జవాబులు ఎక్కించడానికి పది నిమిషాలు అదనంగా ఇస్తారని విని, రీడింగ్‌లోనూ ఇస్తారనుకునేవాళ్లు ఉన్నారు. ఇవ్వరు. గంటంటే గంటే.

స్పెల్లింగ్ తప్పయితే జవాబు తప్పే. “రెండు పదాలకు మించకూడదు” అన్నచోట మూడు పదాలు రాసినా అంతే.

ఇందులో మనవాళ్లను ఎక్కువగా ముంచేది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్. ఒక ఉదాహరణ చూడండి. పాఠంలో ఇలా ఉందనుకోండి: “కాలువ తవ్విన తర్వాత ఆ ఊళ్లో వరి సాగు విస్తీర్ణం పెరిగింది.” మొదటి ప్రశ్న: “కాలువ వచ్చాక వరి సాగు తగ్గింది.” పాఠం దీనికి ఎదురు చెబుతోంది కాబట్టి ఫాల్స్. రెండో ప్రశ్న: “కాలువ వల్ల రైతుల ఆదాయం పెరిగింది.” పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రాడు ఇక్కడ ఆగడు. నీళ్లొచ్చాయి, సాగు పెరిగింది, ఆదాయం పెరగదా ఏంటి అని ట్రూ పెట్టేస్తాడు. కానీ పాఠం ఆదాయం మాటే ఎత్తలేదు. జవాబు నాట్ గివెన్. మీకు లోకజ్ఞానం ఎంత ఎక్కువుంటే ఈ ప్రశ్నలో అంత ప్రమాదం. “ఈ మాట ఏ లైన్లో ఉంది?” అని అడగండి. వేలు పెట్టి చూపించలేకపోతే, అది పాఠంలో లేదు.

పేరాలకు శీర్షికలు జతచేసే ప్రశ్నల్లో, పేరాలో ఉన్న పదమే శీర్షికలోనూ కనిపిస్తే తొందరపడకండి. ఆ పదం పేరాలో ఒక మూల ఉండొచ్చు, పేరా సారాంశం మాత్రం ఇంకేదో అయి ఉండొచ్చు.

స్కోరు లెక్క కూడా తెలిసి ఉండాలి. అకడమిక్‌లో 40కి సుమారు 23 వస్తే 6, 30 వస్తే 7, 35 వస్తే 8. పేపర్‌ను బట్టి ఒకటీ అరా అటూ ఇటూ అవుతుంది. ఎక్కువగా ఉద్యోగం, వలస కోసం రాసే జనరల్ ట్రైనింగ్ పేపర్ తేలికని చెప్పుకుంటారు. నిజమే, పాఠాలు తేలికగానే ఉంటాయి. కానీ అక్కడ 30 వస్తే వచ్చేది సుమారు 6 మాత్రమే. 7 కావాలంటే 34 దాకా రావాలి.

పీటీఈ ఎవరికి నప్పుతుంది

తెలుగులో ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది, గాలి వీస్తుంది. “ఎండ కురిసింది” అని చిన్నపిల్లాడు కూడా అనడు. ఏ నామవాచకం పక్కన ఏ క్రియ కూర్చుంటుందో మనకు ఎవరూ నేర్పలేదు, వింటూ పెరగడం వల్ల వచ్చింది. పీటీఈ రీడింగ్‌లో ఖాళీలు నింపే ప్రశ్నలు ఇంగ్లిష్‌లో సరిగ్గా ఈ జ్ఞానాన్నే పరీక్షిస్తాయి. ఇచ్చిన నాలుగు పదాల అర్థాలూ దగ్గరగానే ఉంటాయి. ఆ పక్క పదంతో జోడీ కుదిరేది మాత్రం ఒక్కటే. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ సినిమాలు, పుస్తకాలు, పేపర్లతో గడిపినవాళ్లకు ఇది చేయి తిరిగిన పని. వ్యాకరణం చదువుకుని ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్లకు ఇదే గోడ.

ఇంకో రకం ప్రశ్న, చిందరవందరగా ఉన్న వాక్యాలను వరసలో పెట్టడం. “అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు.” ఇందులో “ఒక” ముందు, “ఆ” తర్వాత. వరస మార్చి చెప్తే కథ వినే పిల్లలు ఒప్పుకోరు. ఇంగ్లిష్‌లో “ఎ”, “ది” చేసే పని కూడా ఇదే. కొత్తగా పరిచయమయ్యేదాని ముందు “ఎ”, మళ్లీ ప్రస్తావనకు వస్తే “ది”, “దిస్”, “దే”. ఏ వాక్యం మరో వాక్యం మీద ఆధారపడకుండా నిలబడగలదో అదే మొదటిది. పక్కపక్కన సరిగ్గా పెట్టిన ప్రతి జంటకూ మార్కు ఉంటుంది కాబట్టి, మొత్తం వరస కుదరకపోయినా తెలిసిన జంటలను విడదీయకండి.

పీటీఈలో రీడింగ్ విభాగం సుమారు అరగంటే. ఒక ప్రశ్న దాటాక వెనక్కి రాలేరు. “తర్వాత చూద్దాం” అనే అలవాటున్నవాళ్లకు ఇది కష్టం. ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నల్లో తప్పు పెడితే మార్కు తగ్గుతుంది. సున్నా కంటే కిందికి మాత్రం పోదు. ఐఈఎల్‌టీఎస్‌లో ఏదో ఒకటి పెట్టి రావడం తెలివైన పని, ఇక్కడ ఈ రకం ప్రశ్నల్లో అది నష్టం. స్కోరు 10 నుంచి 90 దాకా ఉంటుంది. సాధారణంగా రెండు రోజుల్లో రిజల్ట్ వచ్చేస్తుంది. అడ్మిషన్ గడువు దగ్గరపడ్డవాళ్లు పీటీఈ వైపు వెళ్లేది ముఖ్యంగా ఇందుకే.

టోఫెల్: పాత మెటీరియల్‌ను పక్కన పెట్టండి

టోఫెల్ గురించి సీనియర్లు చెప్పేది ఇప్పుడు చాలావరకు పనికిరాదు. 2023 జూలై నుంచి 35 నిమిషాల్లో రెండు పాఠాలు, 20 ప్రశ్నలు ఉండేవి. ఒక్కో పాఠం 700 పదాల వరకు. 2026 జనవరి 21 నుంచి పరీక్ష రూపమే మారిపోయింది. ఇప్పుడు రీడింగ్‌లో మూడు రకాల పనులుంటాయి: పేరాలో సగం విరిగిన పదాలను పూర్తిచేయడం, నోటీసులు, మెసేజ్‌ల వంటి రోజువారీ రాతలు చదవడం, చిన్న అకడమిక్ పాఠం చదవడం. మొదటి భాగంలో మీరు ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండో భాగం స్థాయి మారుతుంది. స్కోరు 1 నుంచి 6 దాకా అర మార్కుల మెట్లలో ఇస్తున్నారు. కొంతకాలం పాటు 120 లెక్కలో సమాన స్కోరునూ పక్కనే చూపిస్తారు. కాబట్టి టోఫెల్ నిర్వహించే ఈటీఎస్ సంస్థ సైట్లో ఉన్న కొత్త నమూనా పరీక్ష చూడకుండా టోఫెల్‌కు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

పొడుగు పాఠాల్లో ఊపిరాడనివాళ్లకు, అంటే నీలం ఎర్ర పెన్నుల మధ్య పది మార్కుల తేడా వచ్చినవాళ్లకు, ఈ కొత్త రూపం కలిసొస్తుందని నా అభిప్రాయం. కానీ విరిగిన పదాలు పూర్తిచేయడానికి స్పెల్లింగ్ గట్టిగా రావాలి. తెలుగు పలికినట్టే రాస్తాం. ఆ అలవాటుతో ఇంగ్లిష్ స్పెల్లింగును శబ్దం బట్టి ఊహిస్తే దెబ్బతింటాం. ఇక్కడ నేను గమనించింది ఒకటుంది. తెలుగు మీడియంలో చదివి, స్పెల్లింగులు పదేసిసార్లు రాసి నేర్చుకున్న పిల్లలు ఈ ప్రశ్నల్లో ఇంగ్లిష్ మీడియం వాళ్లకు ఏమాత్రం తీసిపోరు. నాకు ఇంగ్లిష్ రాదు అనే బెరుకుతో వచ్చేది వాళ్లే. ఆ బెరుకు అక్కర్లేదు.

డుయోలింగో

ఇంట్లో కూర్చుని సుమారు గంటలో రాసేయొచ్చు, ఫీజు మిగతావాటి కంటే బాగా తక్కువ. ఇందులోనూ విరిగిన పదాలు ఉంటాయి, జవాబులను బట్టి కష్టం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, వెనక్కి వెళ్లడం ఉండదు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. స్క్రీన్ మీద నుంచి చూపు పక్కకు తిప్పుతూ ఉంటే ఫలితం ఇవ్వకపోవచ్చు. ఉమ్మడి కుటుంబంలో, తలుపు కొట్టే పిల్లల మధ్య రాసేవాళ్లు ఈ విషయం ఆలోచించుకోండి. ఎక్కడ చెల్లుతుందో చూశాకే దీని జోలికి వెళ్లాలి.

ఏ దేశం, ఏ వీసా

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ పైన చెప్పినదంతా దీని ముందు ఆగిపోవాల్సిందే. అమెరికా స్టూడెంట్ వీసాకు ఇంగ్లిష్ స్కోరు కావాలన్న నిబంధన లేదు, అడిగేది యూనివర్సిటీ. అందుకే అక్కడికి వెళ్లేవాళ్లకు నాలుగింట్లో దేనికైనా దారి ఉండొచ్చు. యూనివర్సిటీ పేజీలో మీ డిపార్ట్‌మెంట్ కింద ఏం రాశారో చూడండి. ఒకే యూనివర్సిటీలో కోర్సును బట్టి స్కోరు మారుతుంది. ఆస్ట్రేలియా వీసాకు ఇంట్లో రాసిన పరీక్షలు చెల్లవు. బ్రిటన్‌లో డిగ్రీ, ఆపై కోర్సులకు యూనివర్సిటీయే మీ ఇంగ్లిష్‌ను అంచనా వేసుకోవచ్చు. అంతకంటే కింది స్థాయి కోర్సులకైతే హోం శాఖ గుర్తించిన రకం పరీక్షే రాయాలి. బుక్ చేసేటప్పుడు “యూకేవీఐ” (బ్రిటన్ వీసా విభాగం పేరు) అన్న మాట ఉన్నదాన్నే ఎంచుకోవాలి. మామూలు ఐఈఎల్‌టీఎస్ రాసి, ఆ ఒక్క మాట చూసుకోకపోవడంతో మళ్లీ ఫీజు కట్టిన అమ్మాయి నాకు తెలుసు. కెనడాలో స్థిరపడటానికి దరఖాస్తు చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఐఈఎల్‌టీఎస్ జనరల్, కెనడా వాళ్ల ఇంగ్లిష్ పరీక్ష సెల్‌పిప్ జనరల్, పీటీఈలోనే వేరే రకమైన పీటీఈ కోర్ తీసుకుంటారు. చదువు కోసం రాసిన అకడమిక్ స్కోరు అక్కడ పనికిరాదు.

నర్సింగ్ చదివి బ్రిటన్ వెళ్లాలనుకునేవాళ్లకు ఓఈటీ అనే ఇంకో దారి ఉంది, వైద్యరంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టే ఇంగ్లిష్ పరీక్ష అది. రీడింగ్‌లో మొత్తం 42 ప్రశ్నలు, 60 నిమిషాలు. మొదటి 15 నిమిషాల్లో ఒకే జబ్బు లేదా చికిత్స మీద నాలుగు చిన్న రాతలు ఇచ్చి 20 ప్రశ్నలు అడుగుతారు. ఆ సమయం కాగానే ఆ భాగం మూసేస్తారు. తర్వాత 45 నిమిషాల్లో ఆసుపత్రి నోటీసులు, మాన్యువల్స్ వంటి ఆరు చిన్న రాతలు, రెండు పొడుగు పాఠాలు. వార్డులో కేస్ షీట్లు చదివిన అనుభవం ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. డైనోసార్ల గురించి, పురాతన కుండల గురించి చదవాల్సిన అవసరం లేదు. ఫీజు మాత్రం ఐఈఎల్‌టీఎస్ కంటే చాలా ఎక్కువ. ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో రెండుసార్లు 6.5 దగ్గరే ఆగిన నర్సులకు నేను ఓఈటీయే చెప్తాను. రీడింగ్‌లో 7 కావాలన్నప్పుడు మూడోసారి అదే పరీక్షకు కట్టే డబ్బును ఇటు పెట్టడం మేలు.

కోచింగా, సొంతంగానా

రీడింగ్ ఒక్కదాని కోసమే అయితే కోచింగ్ అక్కర్లేదని నా గట్టి నమ్మకం. రైటింగ్ దిద్దడానికి, స్పీకింగ్‌లో ఎదుట కూర్చోవడానికి మనిషి కావాలి. రీడింగ్ దిద్దడానికి కీ చాలు. అంతకంటే పెద్ద సమస్య మెటీరియల్. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు సొంతంగా తయారుచేసుకున్న ప్రశ్నల పుస్తకంలో నాట్ గివెన్ జవాబులు పదింట్లో మూడు తప్పుగా ఉండటం నేనే చూశాను. తప్పు కీతో సాధన చేసిన పిల్లాడు సరిగ్గా ఆలోచించడం మానేస్తాడు. పరీక్ష పెట్టేవాళ్లు విడుదల చేసిన పాత పేపర్లే వాడండి, తక్కువున్నా చాలు.

రోజుకో మాక్ టెస్ట్ రాయాలా, రోజూ చదవాలా? పరీక్షకు మూడు వారాలే ఉంటే మాక్‌లే రాయండి, వేరే దారి లేదు. మూడు నెలలుంటే వారానికి ఒకే మాక్. దానికి పట్టిన గంట కంటే, తప్పయిన ప్రతి ప్రశ్నకూ ఎందుకు తప్పయిందో నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయడానికి ఎక్కువ సమయం పెట్టండి. మిగతా రోజులు 40 నిమిషాలు చదవండి. ది హిందూ సంపాదకీయాలు చదవమని అందరూ చెప్తారు. నేను చెప్పను. అవి రాజకీయ వాదనలు, రెండు రోజులు వెనకబడితే సందర్భమే అర్థం కాదు. ఐఈఎల్‌టీఎస్ పాఠాలు సామాన్య పాఠకుల కోసం రాసిన సైన్స్, చరిత్ర, సమాజం వ్యాసాల్లాంటివి. అదే పేపర్లో సైన్స్ పేజీ, ఆదివారం వచ్చే పొడుగు కథనాలు దానికి దగ్గర. చదివేది ఫోన్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లో చదవండి. పరీక్షలో కూడా ఎడమవైపు పాఠం, కుడివైపు ప్రశ్నలు పెట్టుకుని అంత పెద్ద తెర మీదే చదవాలి.

అన్నీ చేశాక కూడా ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్ ఒక్కటే అర బ్యాండు తగ్గితే, మొత్తం పరీక్ష మళ్లీ రాయకుండా ఆ ఒక్క స్కిల్ తిరిగి రాసే వన్ స్కిల్ రీటేక్ ఉంది. కంప్యూటర్‌లో రాసినవాళ్లకే, మొదటి పరీక్ష తేదీ నుంచి 60 రోజుల్లోపు, ఒక్కసారే. అన్ని యూనివర్సిటీలూ దాన్ని తీసుకోవు కాబట్టి, ముందు అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు చేతికొచ్చాకే బుక్ చేయండి.